వైన్ పెట్టె ఇంటికి రావచ్చా? శ్రోతల ప్రశ్నలు, న్యాయవాది సమాధానాలు

వ్యాఖ్యాత: నమస్కారం. అమెరికాలో వైనరీ నుంచి నేరుగా ఇంటికి వైన్ తెప్పించుకోవడానికి చట్టాలు ఎంతవరకు ఒప్పుకుంటాయన్నది ఈ వారం మన అంశం. మద్యం లైసెన్సుల వ్యవహారాలు చూసే న్యాయవాది మనతో ఉన్నారు. మొదటి శ్రోత ఫిలడెల్ఫియా నుంచి మాట్లాడుతున్నారు. చెప్పండి సార్.

ఫిలడెల్ఫియా శ్రోత: నమస్కారమమ్మా, లాయరు గారికి నమస్కారం. నేను గుంటూరులో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఇప్పుడు మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మా అబ్బాయి, కోడలు పెళ్ళిరోజుకని కాలిఫోర్నియాలోని నాపా వెళ్ళి, అక్కడ ఒక చిన్న వైనరీలో రుచి చూసి, ఆరు సీసాలకు డబ్బు కట్టి వచ్చారు. పెట్టె వచ్చిన రోజు ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. పెట్టె మీద 21 ఏళ్లు నిండినవారు సంతకం చేయాలని పెద్ద అక్షరాలతో స్టిక్కరు ఉంది. నా తల నెరిసిపోయి ఉన్నా పెట్టె తెచ్చిన కుర్రాడు గుర్తింపు కార్డు చూపించమన్నాడు, నేను పాస్‌పోర్టు తెచ్చి చూపించాను. అంతవరకు బాగానే ఉంది. తరువాత అదే వైన్ న్యూయార్క్‌లోని ఒక దుకాణం వెబ్‌సైట్లో తక్కువ ధరకు కనిపిస్తే మా వాడు ఆర్డరు పెట్టబోయాడు, జిప్ కోడ్ కొట్టగానే మీ రాష్ట్రానికి పంపలేమని వచ్చింది. దేశం ఆ చివరనున్న వైనరీ పంపగలిగినప్పుడు రెండు గంటల దూరంలోని దుకాణం ఎందుకు పంపలేదు? 2019 తరువాత నేను ఊరు వెళ్ళినప్పుడల్లా మద్యం దుకాణాలన్నీ ప్రభుత్వమే నడుపుతూ ఉండేది, అక్కడ ఏ బ్రాండు పెడితే అదే కొనాలని జనం అనుకునేవారు. ఇక్కడ పెన్సిల్వేనియాలోనూ వైన్ దుకాణాలు ప్రభుత్వానివేనట కదా, అందువల్లనా?

న్యాయవాది: నమస్కారం మాస్టారూ. పూర్తిగా అందువల్ల కాదు. మద్యనిషేధం 1933లో 21వ రాజ్యాంగ సవరణతో ముగిసినప్పుడు, మద్యాన్ని తమ సరిహద్దుల్లోకి ఎలా రానివ్వాలో నిర్ణయించే అధికారం రాష్ట్రాలకు దక్కింది. చాలా రాష్ట్రాలు మూడంచెల పద్ధతిని పెట్టుకున్నాయి. తయారీదారు టోకు వ్యాపారికి అమ్మాలి, అతను దుకాణానికి అమ్మాలి, దుకాణం మనకు అమ్మాలి. ఒకే కంపెనీ తయారీ నుంచి కౌంటరు దాకా అన్నీ చేతిలో పెట్టుకుని జనం చేత ఎక్కువ తాగించకూడదని, పన్ను తప్పించుకోకూడదని అప్పటి ఆలోచన. అందులో న్యాయం లేకపోలేదు.

అయితే కాలం మారింది. 1984లో దేశంలో 1,600 మంది లైసెన్సు ఉన్న టోకు వ్యాపారులు ఉంటే 2002 నాటికి 600 మంది మిగిలారు. అదే సమయంలో వైనరీలు 3,000 దాటాయి. ఏడాదికి కొన్ని వందల పెట్టెలు మాత్రమే తయారుచేసే రైతు సరుకును మోయడానికి ఏ టోకు వ్యాపారి ముందుకు వస్తాడు? వర్జీనియాలోని మిడిల్‌బర్గ్‌లో జువానిటా స్వీడెన్‌బర్గ్ అనే పెద్దావిడకు చిన్న ద్రాక్షతోట, వైనరీ ఉండేవి. వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవారు రుచి చూసి, మా ఇంటికి పంపండమ్మా అని అడిగితే, కుదరదని చెప్పి పంపాల్సి వచ్చేది. ఆవిడ కోర్టుకు వెళ్ళారు. 2005 మే 16న సుప్రీంకోర్టు, ఆవిడ కేసును కూడా కలిపి విన్న గ్రాన్‌హోమ్ కేసులో 5–4 మెజారిటీతో తీర్పు ఇచ్చింది. మిషిగన్, న్యూయార్క్ తమ రాష్ట్రపు వైనరీలను నేరుగా ఇళ్లకు పంపనిస్తూ, బయటివాటిని ఆపడం లేదా వాటికి మోయలేని షరతులు పెట్టడం వివక్షే అవుతుందని జస్టిస్ కెనడీ రాశారు. న్యూయార్క్ అయితే బయటి వైనరీ తమ రాష్ట్రంలో కార్యాలయమో, గిడ్డంగో తెరవాలని అడిగింది. ఏడాదికి పది పెట్టెలు పంపడానికి గిడ్డంగి ఎవరు కడతారు?

మీ పెన్సిల్వేనియా 2016లో చట్టం మార్చి, లైసెన్సు తీసుకున్న వైనరీ ఒక్కో వ్యక్తికి ఏడాదికి 36 పెట్టెల వరకు పంపవచ్చని చెప్పింది. మీ అబ్బాయి పెట్టె ఆ దారినే వచ్చింది.

ఫిలడెల్ఫియా శ్రోత: అది అర్థమైంది సార్. కానీ నేను అడిగింది దుకాణం సంగతి. వైన్ అదే, సీసా అదే. దుకాణానికి కూడా న్యూయార్క్‌లో లైసెన్సు ఉంది కదా?

న్యాయవాది: ఉంది మాస్టారూ, అది న్యూయార్క్ ఇచ్చిన లైసెన్సు. పెన్సిల్వేనియా నేరుగా పంపే అనుమతిని తయారీదారులకే ఇస్తుంది, దుకాణాలకు ఇవ్వదు. 2019లో టెనెస్సీ కేసులో, దుకాణం లైసెన్సు కావాలంటే ముందు రెండేళ్లు ఆ రాష్ట్రంలో నివసించి ఉండాలన్న నిబంధనను సుప్రీంకోర్టు 7–2తో కొట్టేసింది. దాంతో బయటి దుకాణాలకూ దారి తెరుచుకుంటుందని చాలామంది ఆశపడ్డారు. కానీ 2020లో మిషిగన్ మీద, 2021లో మిస్సోరి మీద వచ్చిన కేసుల్లో అప్పీలు కోర్టులు రాష్ట్రాల వైపే నిలిచాయి. తన దుకాణాలు తన టోకు వ్యాపారుల దగ్గరే సరుకు కొనాలని రాష్ట్రం పట్టుబట్టవచ్చు, ఆ గొలుసులో లేని దుకాణాన్ని లోపలికి రానివ్వాల్సిన పని లేదన్నాయి. నా మట్టుకు ఇది వినియోగదారుడికి అన్యాయమే. పాత వైన్లు, విదేశీ వైన్లు అమ్మేది దుకాణాలే, వాటికి దారి మూసేసి వైనరీలకు మాత్రమే తెరిస్తే సగం తలుపు తెరిచినట్టే. చట్టసభ మార్చేదాకా మాత్రం ఇదే చట్టం. అందుకే నేను ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది. కొనే ముందు, పంపేవారికి మీ రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉందో లేదో అడగండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు మాస్టారూ. సాల్ట్ లేక్ సిటీ నుంచి ఒకరు ఉన్నారు.

యూటా శ్రోత: నమస్కారమండి. వైనరీలు తమ సభ్యులకు ఎప్పటికప్పుడు పంపే వైన్ క్లబ్బు పెట్టె మా రాష్ట్రానికి వస్తుందా?

న్యాయవాది: మీ ఇంటికి రాదు. యూటా దాన్ని అనుమతించదు. రాష్ట్ర మద్యం శాఖ ద్వారా ప్రత్యేకంగా తెప్పించుకోవాలి, అదనపు ధర కట్టాలి. పక్క రాష్ట్రంలోని స్నేహితుడి చిరునామాకు తెప్పించుకుని తెచ్చుకుందామని మాత్రం అనుకోకండి.

వ్యాఖ్యాత: తరువాత టెక్సస్ నుంచి.

టెక్సస్ శ్రోత: నమస్తే సార్. మా తమ్ముడు బాస్టన్‌లో ఇల్లు కొన్నాడు. ఆవకాయ పంపుతూ అదే పెట్టెలో రెండు వైన్ సీసాలు కూడా పెట్టి పోస్టులో పంపుదామనుకుంటున్నాను.

న్యాయవాది: వద్దమ్మా. పోస్టులో మద్యం పంపడాన్ని ఫెడరల్ చట్టమే నిషేధించింది.

టెక్సస్ శ్రోత: అయితే కొరియరులో, ఆలివ్ నూనె అని రాసి...

న్యాయవాది: అమ్మా, దయచేసి ఆ పని చేయకండి. ఈ మాట నేను ప్రతివారం చెబుతున్నాను, పెట్టె మీద అబద్ధం రాయకండి. పెద్ద కొరియర్ కంపెనీలు లైసెన్సు ఉన్న వ్యాపారుల దగ్గర మాత్రమే మద్యం తీసుకుంటాయి, మామూలు మనుషుల దగ్గర తీసుకోవు. సీసా దారిలో పగిలితే మొత్తం బయటపడుతుంది. మసాచుసెట్స్ 2015 నుంచి వైనరీలను నేరుగా పంపనిస్తోంది, అక్కడి లైసెన్సు ఉన్న వైనరీలో మీ తమ్ముడి పేరున ఆర్డరు పెట్టండి. ఆవకాయ మీరే పంపండి.

వ్యాఖ్యాత: షికాగో నుంచి ఒక అమ్మగారు.

షికాగో శ్రోత: నమస్కారమండి. మీరు ఇది మంచిదన్నట్టు మాట్లాడుతున్నారు. నాకు 17 ఏళ్ల కొడుకు ఉన్నాడు. మొన్న పక్కింటివారి వైన్ పెట్టెను ఎవరి సంతకమూ లేకుండా మా గుమ్మం ముందు వదిలేసి వెళ్ళారు. నేను ఉద్యోగం నుంచి వచ్చేసరికి వాడు దాన్ని లోపలికి తెచ్చి వంటగది గట్టు మీద పెట్టాడు. తెరవలేదు, కానీ తెరిచి ఉంటే?

న్యాయవాది: మీ భయం న్యాయమైనదమ్మా, దాన్ని నేను కొట్టిపారేయను. గ్రాన్‌హోమ్ కేసులో రాష్ట్రాలు ఇదే వాదించాయి. పిల్లలు రోజుల తరబడి ఎదురుచూసే సరుకు కన్నా వెంటనే దొరికే దానివైపే వెళతారని, పైగా పెద్దవారి సంతకం తప్పనిసరి చేయడం వంటి తేలిక మార్గాలున్నాయని కోర్టు చెప్పింది. వ్యాపార పోటీ, వినియోగదారుల రక్షణ చూసే కేంద్ర సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2003 నివేదికలో కూడా, అనుమతించిన రాష్ట్రాల అధికారులు పిల్లల విషయంలో పెద్దగా ఇబ్బందులు చెప్పలేదు. అయితే ఈ వాదన మొత్తం నిలిచేది గుమ్మం దగ్గర జరిగే ఆ ఒక్క సంతకం మీదే. మాస్టారు పాస్‌పోర్టు చూపించారు చూశారా, అలా జరిగితేనే చట్టం పనిచేసినట్టు. మీ గుమ్మం దగ్గర అది పనిచేయలేదు. పెట్టె మీది ట్రాకింగ్ నంబరుతో కొరియరుకు, పంపిన వైనరీకి, రాష్ట్ర మద్యం కమిషన్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఊరుకోకండి. నేరుగా పంపడాన్ని సమర్థించే నాలాంటివారే ముందుగా ఈ ఫిర్యాదు చేయాలి.

షికాగో శ్రోత: చేస్తానండి. ధన్యవాదాలు.

వ్యాఖ్యాత: హైదరాబాద్ నుంచి ఒకరు. క్లుప్తంగా అడగండి.

హైదరాబాద్ శ్రోత: నాసిక్ వైనరీ నుంచి నేను ఇలా తెప్పించుకోవచ్చా?

న్యాయవాది: అలా కుదరదండి. మన రాజ్యాంగంలో మద్యం రాష్ట్రాల జాబితాలోని అంశం, మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని భారత సుప్రీంకోర్టు 1994లో ఖోడే కేసులో చెప్పింది. కరోనా సమయంలో, 2020 మేలో, ఇళ్లకు చేర్చే విషయం ఆలోచించమని రాష్ట్రాలకు సూచించింది కానీ ఆదేశించలేదు.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది... మాస్టారు మళ్ళీ లైన్‌లో ఉన్నారు. ఒక్క నిమిషమే సార్.

ఫిలడెల్ఫియా శ్రోత: ఒకే ఒక్క సందేహం. దుకాణం పంపకపోతే, మా వాడు కారులో వంతెన దాటి న్యూజెర్సీ వెళ్ళి కొని తెచ్చుకోవచ్చా?

న్యాయవాది: చాలామంది తెచ్చుకుంటారు మాస్టారూ. కానీ పెన్సిల్వేనియా చట్టం ప్రకారం అది కూడా తప్పే.

ఫిలడెల్ఫియా శ్రోత: అయితే ఆ వైనరీకే రాయమంటాను.

న్యాయవాది: రాయమనండి. ఎండాకాలంలో మాత్రం పంపవద్దని చెప్పమనండి, లారీలో వేడికి వైన్ పాడైపోతుంది.