ఫ్లాస్కులో పెరిగిన హెచ్‌ఐవీ, మనిషిలో పెరిగిన హెచ్‌ఐవీ

అందరికీ నమస్కారం.

హెచ్‌ఐవీని ఫ్లాస్కులో పెంచుతూ పోతే కొన్నాళ్లకు అది ఆ ఫ్లాస్కుకు తగ్గ వైరస్ అయిపోతుంది. వైరస్ ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే ఎంజైమ్ రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌కు తప్పు దిద్దుకునే గుణం లేదు. సుమారు 9,700 అక్షరాల జన్యుపటంలో సగటున మూడు ప్రతులకు ఒక తప్పు పడుతుంది. అందులో ఏది నిలవాలో తేల్చేది మనం పోసిన కణాలే.

కొత్తగా సోకే వైరస్‌లలో ఎక్కువ భాగం కణం మీదుండే సీసీఆర్5 అనే ప్రోటీన్ ద్వారా కణంలోకి దూరతాయి. హెచ్9, ఎంటీ-2 వంటి సెల్ లైన్లలో (ల్యాబ్‌లో ఎడతెగక పెరిగే కణాల్లో) సీసీఆర్5 దాదాపు ఉండదు, అలాంటిదే మరో ప్రోటీన్ సీఎక్స్‌సీఆర్4 మాత్రం దండిగా ఉంటుంది. కాబట్టి దాన్ని పట్టుకోగలిగిన రకమే బతుకుతుంది. వైరస్ పైపొర ప్రోటీన్ జీపీ120లోని వీ3 లూప్ అనే భాగంలో 11 లేదా 25వ స్థానంలో ఆర్జినైన్, లైసిన్ లాంటి ధనావేశపు ఆమైనో ఆమ్లం చేరడం దీనికి గుర్తు. మన దగ్గర ఎక్కువగా కనిపించే సబ్‌టైప్ సీ అనే హెచ్‌ఐవీ రకం ప్రధానంగా సీసీఆర్5నే వాడుతుంది. అది హెచ్9లో పెరగలేదని నమూనాలో వైరస్ లేదనుకోవడం పెద్ద పొరపాటు.

అసలు నష్టం ఇంకోచోట ఉంది. ఫ్లాస్కులో యాంటీబాడీలు ఉండవు. దాక్కోవలసిన పని లేక వైరస్ తన మీద సీడీ4 (కణం మీద అది మొదట పట్టుకునే ప్రోటీన్) అతుక్కునే చోటును తెరిచేస్తుంది. 1990లో కణం నుంచి విడిగా ద్రవంలో కరిగే సీడీ4తో పరీక్షిస్తే, రోగుల నుంచి అప్పుడే తీసిన వైరస్‌లను ఆపడానికి ల్యాబ్ రకాలకు పట్టే మోతాదు కంటే 200 నుంచి 2,700 రెట్లు ఎక్కువ కావలసి వచ్చింది. తొలి జీపీ120 టీకాలదీ ఇదే కథ: వాటితో పుట్టిన యాంటీబాడీలు ల్యాబ్ రకాలను ఆపాయి, రోగుల వైరస్‌లను ఆపలేకపోయాయి. ప్రమాదవశాత్తూ ల్యాబ్ రకం సోకిన ఒక ఉద్యోగి ఒంట్లో, కొన్నేళ్లకు ఆ వైరస్ మళ్లీ యాంటీబాడీలకు లొంగని రూపం సంతరించుకుంది.

జన్యువులు కూడా పాడవుతాయి. వైరస్ తయారుచేసే వీపీఆర్ ప్రోటీన్ కణ విభజనను జీ2 దశలో (కణం రెండుగా చీలే ముందు) ఆపేస్తుంది. విభజన ఆగని కణాల్లో వైరస్ ఎక్కువ కాలం నిలుస్తుంది గనుక, వీపీఆర్ చెడిన రకాలు ముందుకొస్తాయి. స్థానాల లెక్కకు మనమంతా వాడే ప్రామాణిక రకం హెచ్‌ఎక్స్‌బీ2లోనే వీపీఆర్, వీపీయూ, నెఫ్ జన్యువులు మూడూ దెబ్బతిని ఉన్నాయి. ఆ వంశం పుట్టుకే ఒక హెచ్చరిక: 1983లో పారిస్‌లో బ్రూ అనే రోగి వైరస్ కల్చర్‌లోకి, బాగా పెరిగే మరో రోగి రకం లాయ్ దూరి దాన్ని తొక్కేసింది, తర్వాత అమెరికా ల్యాబ్‌లోని కల్చర్‌నూ ఆక్రమించింది. ఆ సంగతి తేలడానికి 1991 దాకా పట్టింది.

అందుకే రోగి వైరస్‌ను పెంచేటప్పుడు బీఎస్‌ఎల్-3లో (మూడో స్థాయి జీవభద్రత ఉన్న ల్యాబ్‌లో) సెల్ లైన్లు కాక దాతల రక్తకణాలే వాడండి. ఒకే దాత కణాలు వైరస్‌ను సరిగా పెంచకపోవచ్చు, కనీసం ఇద్దరివి కలపండి. సీడీ8 అనే రకం తెల్లరక్తకణాలు వైరస్‌ను అణచివేస్తాయి, తీసేయండి. కణాలను విభజనకు పురిగొల్పే పీహెచ్‌ఏతో మూడు రోజులు ఉత్తేజపరిచి, కడిగి, 10 శాతం సీరం ఉన్న ఆర్‌పీఎంఐ అనే పోషక ద్రవంలో, కణాలు పెరిగేందుకు మిల్లీలీటరుకు 20 యూనిట్ల ఐఎల్-2 కలపండి. కడగకుండా వదిలితే కణాలు ముద్దకట్టి చస్తాయి. మూడు నాలుగు రోజులకోసారి వైరస్ ప్రోటీన్ పీ24 ఎంతుందో చూడండి, వారానికోసారి తాజా కణాలు చేర్చండి. పీ24 బాగా పెరిగిన రోజునే చిన్న చిన్న వయల్స్‌గా పంచి ఫ్రీజ్ చేయండి. వైరస్ పైపొర జన్యువు ఎన్వ్ సీక్వెన్స్‌ను రోగి ప్లాస్మాలోని సీక్వెన్స్‌తో పోల్చండి. వయల్ మీద తేదీతోపాటు ఏ కణాలు, ఎన్నో పాసేజ్ (కొత్త కణాల్లోకి ఎన్నోసారి మార్చారు) అన్నది కూడా రాయండి.