లే మోర్న్ తీరంలో వీచే గాలి

శ్రోతలకు నమస్కారం.

సంక్రాంతి నాడు హైదరాబాదులో డాబా ఎక్కి పతంగి ఎగరేసిన ప్రతివారికీ ఒక సంగతి అనుభవంలో ఉంటుంది. పక్కనే ఎత్తైన భవనం ఉంటే, పతంగి లేచినట్టే లేచి, గిరికీలు కొట్టి కూలిపోతుంది. అదే పతంగి సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో, చరఖాలోని దారమంతా వదిలినా, ఆకాశానికి అతికించినట్టు నిలుస్తుంది. గాలికి అడ్డు ఉండటానికీ లేకపోవటానికీ ఉన్న ఈ తేడాయే కైట్ సర్ఫింగ్ అనే సముద్ర క్రీడకు ప్రాణం. అందులో పతంగి వైశాల్యం సాధారణంగా 7 నుంచి 12 చదరపు మీటర్లు. 20 మీటర్లకు పైబడిన దారాల రెండో కొసన, పలక మీద నిలబడి, నీటిపై దూసుకుపోయే మనిషి ఉంటాడు. నీటిలో పడినా మళ్లీ పైకి లేవగలిగేలా గొట్టాలలో గాలి నింపే పతంగికి ఫ్రాన్సుకు చెందిన లెగాన్యూ సోదరులు 1984లో పేటెంటుకు దరఖాస్తు చేసిన తరువాతే ఈ ఆటకు దారి ఏర్పడింది.

ఈ ఆటకు పేరుపడ్డ చోట్లలో మారిషస్ దీవి నైరుతి కొసన ఉన్న లే మోర్న్ ఒకటి. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లిన తెలుగు కూలీల సంతతి నేటికీ ఉగాదిని ప్రభుత్వ సెలవు దినంగా జరుపుకొనే దేశమది కనుక, మనకు పరాయి చోటు కాదు. అక్కడ మే నుంచి అక్టోబరు వరకు చలికాలం. ఆ నెలల్లో ఆగ్నేయ దిశ నుంచి వచ్చే వ్యాపార పవనాలు తరచుగా 15 నుంచి 25 నాట్ల వేగంతో, అంటే గంటకు సుమారు 28 నుంచి 46 కిలోమీటర్ల వేగంతో, కొన్ని రోజుల పాటు ఒకే తీరుగా వీస్తాయి. దీవికి దక్షిణంగా మహాసముద్రం మీద నెలకొనే మస్కరీన్ అధిక పీడన కేంద్రమే వాటికి పుట్టిల్లు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకునే విషయం ఇక్కడే ఉంది. ఆ అధిక పీడనం నుంచి బయలుదేరిన గాలి ఆఫ్రికా తూర్పు తీరం దగ్గర భూమధ్యరేఖను దాటి, భూభ్రమణం వల్ల కుడివైపుకు వంగి, అరేబియా సముద్రం మీద తేమను నింపుకొని, నైరుతి రుతుపవనంగా మన గడపకు చేరుతుంది. ఆఫ్రికా తీరం వెంబడి సాగే ఆ వేగవంతమైన ప్రవాహాన్ని ఫిండ్లేటర్ అనే శాస్త్రవేత్త 1969లో వివరించారు. జూన్‌లో హైదరాబాదును తడిపే మేఘాలను తోలుకొచ్చే గాలీ, లే మోర్న్‌లో పతంగులను లాగే గాలీ ఒకే వ్యవస్థకు చెందినవి.

లే మోర్న్ బ్రబాంట్ కొండ ఎత్తు 556 మీటర్లు. పారిపోయిన బానిసలు తలదాచుకున్న ఆ కొండ 2008 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. దాన్ని చుట్టుకుని సాగేటప్పుడు గాలి మరింత ఊపందుకుంటుంది. కొండ చాటున మాత్రం, మన డాబా పక్క భవనం చాటున జరిగినట్టే, సుడులు తిరిగి, ఒక క్షణం ఆగి, మరుక్షణం ఈడ్చిపారేస్తుంది. తీరానికీ పగడపు దిబ్బలకూ నడుమ ఉన్న లోతులేని నీటిలో అలల తాకిడి తక్కువ కనుక, కొత్తవారు నేర్చుకోవటానికి అది తగిన చోటు. దిబ్బలకు ఆవల ఉన్న ‘వన్ ఐ’ అనే చోట పెద్ద అలలు పగడాల మీదే విరుగుతాయి. అది ఆరితేరినవారికి మాత్రమే. దిబ్బల మధ్య సందుల గుండా నీరు వేగంగా సముద్రంలోకి పోతుంది, పట్టు తప్పిన మనిషిని కూడా లాక్కుపోతుంది.

గాలి వేగం రెట్టింపైతే పతంగి లాగే బలం నాలుగింతలవుతుందన్న లెక్కను నేర్చుకునేవారు మరువరాదు. అందుకే గాలి పెరిగేకొద్దీ చిన్న పతంగి వాడతారు. తీరం నుంచి సముద్రం వైపు వీచే గాలి ఎంత ఆహ్లాదంగా అనిపించినా ఆ పూట నీటిలోకి దిగకూడదు, ఎందుకంటే అది వెనక్కి రానివ్వదు. సరిగ్గా ఒడ్డు మీదికి కొట్టే గాలి కూడా మనిషిని రాళ్ల మీదికో చెట్ల మీదికో విసిరేయవచ్చు; ఒడ్డుకు సమాంతరంగానో, కొద్దిగా ఏటవాలుగా ఒడ్డు వైపుకో వీచే గాలి మేలైనది. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు అక్కడ తుపానుల కాలం, పైగా వ్యాపార పవనాలు మెత్తబడే కాలం. కాబట్టి గాలి కోసమే వెళ్లదలచినవారు మనకు వానలు కురిసే జులై, ఆగస్టు నెలలనే ఎంచుకోవాలి.