పెంకు కట్టుకునే రెండు రోజులు

అందరికీ నమస్కారం.

సముద్రం ఆమ్లీకరణ చెందుతోందంటే నీళ్లు ఆమ్లమైపోయాయని కాదు. సముద్రం ఇప్పటికీ క్షారమే. నీరు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే కొలత పీహెచ్; అది తగ్గేకొద్దీ నీరు ఆమ్లం వైపు జరుగుతున్నట్టు. పారిశ్రామిక విప్లవానికి ముందు సముద్రపు పీహెచ్ సుమారు 8.2, ఇప్పుడు దాదాపు 8.1. ఇంతేనా అనిపిస్తుంది. కానీ పీహెచ్ లాగరిథమ్ లెక్క, అంటే ఒక్క అంకె తగ్గితే ఆమ్లగుణం పది రెట్లు పెరిగినట్టు. ఆ కాస్త తగ్గుదలకే నీటికి ఆమ్లగుణాన్నిచ్చే హైడ్రోజన్ అయాన్లు 25 శాతానికి పైగా పెరిగాయి.

మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు సముద్రంలో కరిగి కార్బోనిక్ ఆమ్లమవుతోంది. దాని నుంచి విడివడిన హైడ్రోజన్, నీటిలోని కార్బొనేట్‌ను పట్టేసుకుంటుంది. పగడాలూ నత్తలూ ఆల్చిప్పలూ తమ సున్నపు గూడు కట్టుకునేది ఆ కార్బొనేట్‌తోనే.

ఆల్చిప్ప లార్వా, అంటే అప్పుడే పుట్టిన పిల్ల, సంగతే చూడండి. కంటికి ఆనని ప్రాణి. గుడ్డులో తల్లి పెట్టిన కొద్దిపాటి శక్తే దాని ఆస్తి. పుట్టిన రెండు రోజుల్లో, ఇంకా తిండి తినడం కూడా రాకముందే, ఆ శక్తితోనే మొదటి పెంకు కట్టుకోవాలి. నీటిలో కార్బొనేట్ తక్కువైతే అదే పెంకుకు ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. పని పూర్తికాకముందే నిల్వ అయిపోతుంది. విషంతో కాదు, అలసటతో చనిపోతుంది. ఈ విషయంలో నన్ను అన్నిటికంటే బాధించేది ఇదే.

ఇది ఊహ కాదు. 2007, 2008 సంవత్సరాల్లో అమెరికాలోని ఓరెగాన్ తీరంలో, ఆల్చిప్పలు పెంచే హేచరీలో లార్వాలు కుప్పలుతెప్పలుగా చనిపోయాయి. మొదట బ్యాక్టీరియాను అనుమానించారు. చివరికి తొట్లలోకి వస్తున్న సముద్రపు నీరే కారణమని తేలింది. గాలులు తీరపు నీటిని తోసేసినప్పుడు అడుగు నీరు పైకి ఉబికి వస్తుంది. అందులో సహజంగానే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, దానికి మన వాటా తోడైంది. సోడియం కార్బొనేట్ కలిపి తొట్ల నీటిని సరిచేసుకున్నారు. సముద్రానికి ఆ వైద్యం ఎవరు చేయగలరు?

ఒక్క మాట మరచిపోకండి. ఆ తీరంలో పైకి వచ్చిన నీరు చివరిసారి గాలిని తాకింది కొన్ని దశాబ్దాల కిందట, గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఇప్పటికంటే తక్కువగా ఉన్న కాలంలో. ఈనాటి గాలిని తాకి కిందికి దిగుతున్న నీరు ఇంకా దారిలోనే ఉంది.