ముందు రైలు, తర్వాతే ఊరు! బొమ్మరైళ్లని నవ్వినాయనకి గుంతకల్లు జవాబు

ఏమప్పా, అందరూ బాగుండారా? ఈరోజు మ్యూజిక్కు గీజిక్కు ఏం లేదు, నేరుగా విషయానికొస్తా. ట్రిప్పు ప్లాన్ చేసేటప్పుడు ముందు రైలు, తర్వాతే ఊరు. హోటలు, మాలు, ఫోటోలు దిగే జాగా, అవన్నీ ఆ తర్వాత. ఈ వీడియోలో పదిసార్లన్నా ఇదే మాట చెప్తా, చెప్పల్ల కూడా, ఎందుకంటే నాకు కడుపు మండుతాండాది.

ఆ రీల్ మీరంతా చూసే ఉంటారు, నాకు పంపనోళ్లు లేరు. పుణెలో కోత్రూడ్ దగ్గర మోడల్ రైళ్ల మ్యూజియం ముందర నిలబడుకోని ఒకాయన "నలభై ఏండ్లొచ్చినోళ్లు బొమ్మరైళ్లు చూసేదానికి ఇంతదూరం రావడమేంది, పిల్లకాయల ఆట ఇది, మాల్‌కి పోండి" అని నవ్వి పాయ. లోపలికి పోలేదు, టికెట్ కొనలేదు, గేటు బయట నుంచే తీర్పు చెప్పేసినాడు.

నేను పోయినా లోపలికి. జోషీ మ్యూజియం ఆఫ్ మినియేచర్ రైల్వేస్ అంటారు, 1998 ఏప్రిల్ 1న తెరిచినారు, భావూసాహెబ్ జోషీ అనే ఆయన జీవితమంతా పెట్టి కట్టిన ఊరు అది. హాలు పెద్దదేం కాదు. జనం చుట్టూ నిలబడతారు, ఒకాయన కంట్రోల్ దగ్గర కూర్చోని షో నడుపుతాడు. స్టీమ్ ఇంజను పొగ వదులుకుంటా కదుల్తాది, ఫ్లైఓవర్ ఉండాది, సర్కస్ డేరా ఉండాది, సిగ్నల్ పడితే బండి నిలబడతాది, సిగ్నల్ ఇస్తే కదుల్తాది. ఆ తర్వాత లైట్లు మెల్లగా తగ్గిస్తారు. హాలంతా చీకటి. ఆ బుజ్జి ఊర్లో ఒక్కొక్క వీధి దీపం వెలుగుతాది, కిటికీల్లో లైట్లు వెలుగుతాయి, ఆ చీకట్లో వెలిగే పెట్టెలతో ఒక రైలు వంపు తిరిగి వస్తాది చూడు, నా పక్కన నిలబడిన పెద్దాయన, అరవై దాటింటాయి, పిట్టగోడ పట్టుకోని ముందుకి వంగిపోయినాడు. పిల్లకాయల ఆటంట! పిల్లోళ్లు ఐదు నిమిషాలు చూసి ఐస్‌క్రీం అడుగుతాండారు, కదలకుండా చూసింది పెద్దోళ్లే.

ఇంగ హాంబర్గ్ సంగతి చెప్తా, ఆ రీల్ ఆయన వినల్ల ఇది. జర్మనీలో ఉండాది ఆ ఊరు. అక్కడ పాత గోదాముల పేటలో మినియేచర్ వండర్‌ల్యాండ్ అని పెట్టినారు, ఫ్రెడరిక్ బ్రౌన్, గెరిట్ బ్రౌన్ అని కవల అన్నదమ్ములు, 2001 ఆగస్టులో మొదలుపెట్టినారు. ప్రపంచంలో అతిపెద్ద మోడల్ రైల్వే అని గిన్నిస్ రికార్డు. వెయ్యికి పైగా రైళ్లు. 2011లో దాంట్లోకి విమానాశ్రయం కూడా వచ్చింది, బొమ్మ విమానం రన్‌వే మీద పరిగెత్తి పైకి లేస్తాది. పావుగంటకొకసారి తెల్లారి పొద్దుగూకుతాది. జర్మనీ పోయే విదేశీ టూరిస్టుల్ని నీకు ఏది బాగా నచ్చిందప్పా అని అడిగితే చానాసార్లు మొదటి పేరు దీనిదే వచ్చింది, కోటలు కాదు, చర్చిలు కాదు. జనం రైలు కోసం ఊరికి పోతాండారు అక్కడ. ముందు రైలు, తర్వాతే ఊరు!

సరే, హాంబర్గ్ మనకి దూరం. మనకి దగ్గరుండేది చూడండి, ఇది నేను చానా రోజుల నుంచి నమ్మే మాట: రైళ్ల ట్రిప్పు మొదలుపెట్టేదానికి మన సీమ కంటే మంచి జాగా దక్షిణాదిలో ఇంగొకటి లేదు. ఎవరన్నా కాదంటే రండి, మాట్లాడుకుందాం. కడప ప్లాట్‌ఫాం మీద నిలబడు. ఒక పక్కకి పోతే ఎర్రగుంట్ల, తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు, రాయచూరు, సోలాపూర్, పుణె. ఇంగో పక్కకి పోతే నందలూరు, రాజంపేట, రేణిగుంట, మద్రాసు. ఒకటే లైను! ఒక కొసన జోషీ గారి మ్యూజియం, ఇంగో కొసన మద్రాసులో రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్ ఫ్యాక్టరీ మ్యూజియం, మధ్యలో మనం. బొంబాయి వైపు నుంచి జీఐపీ (గ్రేట్ ఇండియన్ పెనిన్సులా) రైల్వే కంపెనీ, మద్రాసు వైపు నుంచి మద్రాస్ రైల్వే లైను వేసుకుంటా వచ్చి 1871లో రాయచూరు దగ్గర కలిసినారు. అంటే మన ఊర్లు నూటయాభై ఏండ్లుగా ఆ లైను మీద కూర్చోనున్నాయి, మనం మాత్రం బస్సెక్కి బెంగళూరు మాల్‌కి పోతాండాం.

మా తాత నందలూరు స్టీమ్ షెడ్డులో ఫైర్‌మన్. ఆ కాలంలో నందలూరంటే షెడ్డే, షెడ్డంటే నందలూరే. ఆయన అరచేతులు నాకు ఇప్పటికీ గుర్తు, బొగ్గు పార పట్టి పట్టి వేళ్ల మొదట్లో చర్మం చెప్పు అట్టలాగా గట్టిపడిపోయింది, అన్నం కలిపేటప్పుడు వేడి తెలిసేది కాదు ఆయనకి, పొగలు వచ్చే ముద్ద అట్లనే నోట్లో పెట్టుకునేవాడు. స్టీమ్ పోయింది, షెడ్డు పోయింది. ఇప్పుడు నందలూరులో రైలు ఆగితే ఎంతమంది తల తిప్పి చూస్తాండారు? ఫోన్లో తల పెట్టుకోని కూర్చుంటాండారు, నాకు ఏడుపొస్తాది.

అందుకే పగటి రైలు అంటా నేను. కడప నుంచి మద్రాసుకి రాత్రి బండెక్కి దుప్పటి కప్పుకుంటే ట్రిప్పులో సగం పోయినట్టే. పగలు పో, స్లీపర్లో కిటికీ సీటు పట్టు. చెయ్యేరు బ్రిడ్జి వస్తాది, తర్వాత రైల్వే కోడూరు, ఊరి పేర్లోనే రైల్వే ఉండాది కదప్పా! దాని తోటలు దాటినాక బాలపల్లె అడవి, శేషాచలం కొండలు కిటికీకి ఆనుకోని వస్తాయి. మీ రైలు పెరంబూరులో ఆగుతాదేమో ముందే చూసుకోండి, ఆగితే అక్కడే దిగేయండి, సెంట్రల్ దాకా పోవద్దు, ఐసీఎఫ్ అక్కడికి దగ్గర. 1955 అక్టోబర్ 2న నెహ్రూ ప్రారంభించిన ఫ్యాక్టరీ, మనమంతా ఎక్కి తిరిగిన పెట్టెల్లో చానా అక్కడివే, 2018లో మొదటి వందేభారత్ కూడా అక్కడ్నే తయారైంది. దాని మ్యూజియంలో పాత ఇంజన్లు, పెట్టెల మోడళ్లు, పిల్లోళ్లకి చిన్న రైలు. సోమవారం మాత్రం పెట్టుకోవద్దండి, మూసేసి ఉంటారు. మరుసటి రోజు లోకల్ రైలెక్కి రాయపురం పోండి, 1856లో కట్టిన స్టేషన్, ఇండియాలో ఇప్పటికీ నిలబడున్న వాటిల్లో అన్నిటికంటే పాత స్టేషన్ భవనం అదే, దక్షిణాదిలో మొదటి రైలు బయల్దేరింది అక్కడ్నుంచే. ఆ స్తంభాల కింద ఒక్క పావుగంట నిలబడండి చాలు. బీచ్‌కి సాయంత్రం పోవచ్చు, సముద్రం యాడికీ పోదు.

పుణె పోయేవాళ్లు వాపసు వచ్చేలోపల ఒక పూట లోనావాలా, కర్జత్ పెట్టుకోండి. బోర్ ఘాట్ లైను అది, 1863లో తెరిచినారు, 37 అడుగులు ముందుకి పోతే ఒక అడుగు పైకెక్కే వాలు. ముంబై వైపు నుంచి ఘాటెక్కే చానా రైళ్లకి కర్జత్‌లో వెనకాల బ్యాంకర్ ఇంజన్లు తగిలించి నూకిస్తారు. ప్లాట్‌ఫాం కొసకి పోయి ఆ కప్లింగ్ చూడండి. జోషీ గారి షో టైములు మాత్రం పోయేముందర ఫోన్ చేసి కనుక్కోండి.

ఇప్పుడు ఇది చూడండి, కెమెరాకి దగ్గరగా పెడతా. నా చేతిలో ఉండే ఈ నీలం పెట్టె సన్‌బోర్డు షీటుతో నేనే చేసినా, మూడు వారాలు పట్టింది. ఐసీఎఫ్ పెట్టె, హెచ్ఓ స్కేలు, అంటే అసలుదాంట్లో 87లో ఒక వంతు. అసలుది దగ్గర దగ్గర 21.3 మీటర్లు, ఇది 24.5 సెంటీమీటర్లు. కిటికీ కమ్మీలు కుట్టుపని దారంతో వేసినా. చక్రాల దగ్గర చూడండి, ఏదో తేడా కొడతాండాది కదా? ఈ స్కేలులో రెండు పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు, దాన్ని 87తో గుణిస్తే దాదాపు 1435 మిల్లీమీటర్లు, అది యూరప్ పట్టాల కొలత. మన బ్రాడ్‌గేజ్ 1676. అంటే మన పెట్టెకి 19 మిల్లీమీటర్లు దాటి పట్టా ఉండల్ల, అంగట్లో అది దొరకదు, కాబట్టి అంగట్లో దొరికే పట్టాలతో ఈ స్కేలులో మన బ్రాడ్‌గేజ్ రైలు చేస్తే అది పరాయి పట్టాల మీద నడవాల్సిందే. ఇది పిల్లకాయల ఆటైతే ఏ పిల్లోడు ఈ లెక్క చేస్తాడో చెప్పండి.

అసలు నా కోపమంతా ఇక్కడుండాది. గుంతకల్లులో మోడల్ రైల్వే ఎందుకు లేదు? ఒకప్పుడు బ్రాడ్‌గేజ్, పట్టాల మధ్య ఒక మీటరే ఉండే మీటర్‌గేజ్, రెండూ కలిసిన జంక్షన్ అది. అనంతపురం మీద బెంగళూరు పోయేది, నంద్యాల మీద గుంటూరు పోయేది, బళ్లారి మీద హుబ్లీ పోయేది, అన్నీ మీటర్‌గేజే ఒకప్పుడు. ఆ నంద్యాల లైన్లో నల్లమల మధ్యన దొరబావి వంతెన ఉండేది, అంత ఎత్తు మీద ఆ చిన్న రైలు పోతాంటే కింద లోయ చూసేదానికి గుండె ధైర్యం కావాల అనేవాళ్లు మావాళ్లు. ఒక పెద్ద హాలు, రెండు గేజులు, ఒక చిన్న దొరబావి, ఒక చిన్న నందలూరు షెడ్డు, రాత్రి లైట్లు. బెంగళూరోళ్లు, హైదరాబాదోళ్లు టికెట్ కొనుక్కోని గుంతకల్లుకి రారా? వస్తారు, నేను రాసిస్తా. అప్పుడు వాళ్లంటారు, ముందు రైలు, తర్వాతే ఊరు అని.

ఎవరో కట్టేదాకా నేను ఆగను, మా మిద్దె మీద రూములో మొదలుపెట్టేసినా. ఎనిమిదడుగుల బల్ల, 1980కి ముందు గుంతకల్లు స్టేషన్. మీటర్‌గేజ్‌కి 12 మిల్లీమీటర్ల పట్టాలు తెప్పించుకుంటాండా, ఈ స్కేలుకి మనది 11.5 వస్తాది, దాదాపు సరిపోతాది. నాకు కావాల్సింది ఫోటోలు. మీ ఇండ్లల్లో నాయనవో తాతవో పాత ఆల్బమ్‌లు ఉంటాయి, పెండ్లికి పోతా ప్లాట్‌ఫాం మీద దిగిన ఫోటో అయినా సరే, మనుషుల వెనకాల ఏముందో నాకు అది కావాల. మీటర్‌గేజ్ ప్లాట్‌ఫాం మీద రేకుల కప్పు ఏ రంగులో ఉండేది, నీళ్ల కొళాయి ఏ పక్కన ఉండేది, గుర్తుండేవాళ్లు కామెంట్లో రాయండప్పా. బల్ల మీద ఆ చోటు ఖాళీగా పెట్టినా, చూపిస్తా రండి.