వైకల్యం ఉన్నవారికి దంత ఇంప్లాంట్లు: ముందుగా తేల్చుకోవలసింది ఏమిటి?

నమస్కారం. దంత ఇంప్లాంటు అంటే ఊడిన పంటి స్థానంలో దవడ ఎముకలో బిగించే లోహపు స్క్రూ, దాని మీద కట్టుడు పన్ను పెడతారు. "మా అబ్బాయికి మేధో వైకల్యం ఉంది, వాడికి ఇంప్లాంట్లు ఎవరు పెడతారండీ" అని మన హైదరాబాదులో తల్లిదండ్రులు డాక్టరును అడగకుండానే ఆశ వదులుకోవడం నాకు ఎంతో బాధ కలిగిస్తుంది. 1965లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే వైద్య శాస్త్రవేత్త తొలిసారి టైటానియం ఇంప్లాంట్లు అమర్చింది పుట్టుకతోనే దవడ లోపం ఉన్న వ్యక్తికే, అవి ఆయన నోట్లో నాలుగు దశాబ్దాలు నిలిచాయి. పైగా మూర్ఛ ఉన్నవారిలో తీసి పెట్టుకునే పళ్ల సెట్టు విరిగి గొంతులోకి జారవచ్చు, ఆ ప్లాస్టిక్ ఎక్స్‌రేలో సరిగా కనిపించదు కూడా. కనుక ఎముకలో బిగిసి ఉండే ఇంప్లాంట్ల అవసరం ఇలాంటివారికే ఎక్కువ.

ఇంప్లాంటును గేదెను కట్టే గుంజ అనుకోండి. పాతిన వెంటనే గేదెను కడితే గుంజ ఊగిపోతుంది. అలాగే ఎముక టైటానియాన్ని పట్టుకోవడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల అదుపు తప్పే స్థితి) ఉన్నవారిలో తరచుగా కనిపించే పళ్లు కొరకడం, గేదె రాత్రంతా తాడు గుంజుతూ ఉండటం వంటిది కనుక, ఆ బరువును లెక్కలోకి తీసుకుని ఎన్ని ఇంప్లాంట్లు వేయాలో నిర్ణయించాలి. అయితే గుంజను పడగొట్టేది గేదె ఒక్కటే కాదు, దాని అడుగున పట్టే చెద కూడా. ఇంప్లాంటు చుట్టూ పేరుకునే పాచే ఆ చెద. దాని వల్ల చిగురు వాచి, క్రమంగా ఎముక కరిగిపోతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి చిగుళ్ల వ్యాధి చిన్న వయసులోనే తీవ్రంగా వస్తుంది కాబట్టి వారి విషయంలో ఈ చెద భయం మరింత ఎక్కువ. ఫెనిటోయిన్ అనే మందు వాడే మూర్ఛ రోగులలో చిగుళ్లు పెరిగి శుభ్రత కష్టమవుతుంది.

అందుచేత అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్యశాలకు వెళ్లినా, కార్పొరేట్ ఆసుపత్రికి వెళ్లినా, ముందుగా తేల్చుకోవలసింది వైకల్యం పేరు కాదు, రోజూ ఆ నోరు ఎవరు శుభ్రం చేస్తారన్నది. నా అభిప్రాయంలో, ఆ మనిషి ఇంట్లో ఖాయంగా లేనప్పుడు ఇంప్లాంటు వేయకపోవడమే మేలు. కింది పళ్లన్నీ పోయినవారికి రెండు ఇంప్లాంట్ల మీద బిగిసే సెట్టు పెడితే, చూసుకునేవారు దాన్ని తీసి కడగగలరు.

సమయం అయిపోతోంది కనుక మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. కుర్చీలో కదలకుండా ఉండలేనివారికి పూర్తి మత్తు అవసరం కావచ్చు, అది మత్తు డాక్టరు ఉన్న ఆసుపత్రిలోనే జరగాలి. 18 ఏళ్లు నిండాక, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు ఉండే స్థానిక కమిటీ సంరక్షకులను నియమిస్తుంది. ఆపరేషనుకు వారి తరఫున సమ్మతి ఇవ్వడానికి ఆ నియామక కాగితం అవసరమైతే ఆపరేషన్ తేదీకి ముందే దరఖాస్తు చేయండి.