పెట్టికోట్ లేన్ ఆదివారం సంత: అరుపుల వెనక పనితనం

సభకు నమస్కారం.

లండన్‌లో లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్ దిగి కాస్త నడిస్తే మిడిల్‌సెక్స్ స్ట్రీట్ వస్తుంది. 1830 ప్రాంతంలో అధికారులు ఆ పేరు పెట్టారు. జనం మాత్రం దాన్ని పాత పేరుతో పెట్టికోట్ లేన్ అనే పిలుస్తున్నారు. వీధికి ఒక పక్క వ్యాపార కేంద్రమైన సిటీ ఆఫ్ లండన్, రెండో పక్క కష్టజీవుల పేట ఈస్ట్ ఎండ్. ఆ సరిహద్దు మీద ఆదివారం పొద్దున జరిగే సంత గురించే ఈ ప్రసంగం. అక్కడి వర్తకుల మాట రాగానే ఈకల కిరీటాలూ ముత్యపు గుండీల కోట్లూ గాలిలోకి ఎగిరే పింగాణీ ప్లేట్లూ గుర్తు చేసుకుంటారు. అవన్నీ నిజమే. అయితే ఆ హంగు వినోదం కోసం పెట్టింది కాదు. దారిన పోయేవాణ్ణి నిలబెట్టి, అతని జేబులోంచి పది షిల్లింగుల నోటు, అంటే అర పౌను, బయటికి రప్పించడానికి అందులో ప్రతి అంగుళమూ పని చేసేది. ఆ పనితనం గురించి వివరంగా చెబుతాను.

ముందు ఆదివారమే ఎందుకు అన్నది. 1880ల నుంచి రష్యా సామ్రాజ్యంలో హింస తట్టుకోలేక వచ్చిన యూదులు ఈ పేటలో పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. వాళ్ళకు విశ్రాంతి దినం శనివారం. మిగతా ఇంగ్లండ్‌లో ఆదివారం దుకాణాలు దాదాపుగా మూసి ఉండేవి. అంటే ఆదివారం పొద్దున ఏదైనా కొనాలన్నా, ఊరికే తిరిగి రావాలన్నా లండన్ జనానికి ఉన్న కొద్ది చోట్లలో ఇది ఒకటి. శనివారం కొట్టు మూసే యూదు వర్తకుడు ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల దాకా తెరుచుకోవచ్చని 1936 నాటి చట్టం ఒప్పుకుంది. ఈ సంత హక్కుకూ అదే ఏడాది చట్టబద్ధమైన రక్షణ దొరికింది. తొమ్మిది నుంచి రెండు దాకా అంటే అయిదు గంటలు. వారం మొత్తం సంపాదన ఆ అయిదు గంటల్లో రావాలి. అక్కడి అరుపులకు, తొందరకు అసలు కారణం ఇదే.

చోటు దొరకడం దగ్గరే పోటీ మొదలయ్యేది. 1927 చట్టంతో లండన్ వీధి వర్తకానికి లైసెన్సులు వచ్చాయి. లైసెన్సున్నవాడికి నిర్ణయించిన స్థలం ఉంటుంది. అతను వేళకు రాకపోతే ఆ రోజుకు ఆ స్థలం, పొద్దున్నే వచ్చి కాచుకుని ఉన్న చిల్లర వర్తకుల్లో ఎవరికో ఒకరికి పోతుంది. ఆ పంపకం చేసేది సంత ఇన్‌స్పెక్టరు. వర్తకులు అతన్ని టోబీ అనేవారు. స్థలమే లేనివాడు సూట్‌కేసు తెరిచి పేవ్‌మెంటు మీద అమ్మేవాడు. 1941 నుంచి 1949 దాకా ఇంగ్లండ్‌లో బట్టలకు రేషనుండేది. ఆ రోజుల్లో, ఆ తర్వాత కొంతకాలమూ నైలాన్ మేజోళ్ళు ఇలాగే చేతులు మారాయి. వీధి మొదట్లో ఒక మనిషి కాపలా. అతను సైగ చేస్తే సూట్‌కేసు టప్పున మూసుకునేది, పోలీసు వచ్చేసరికి అక్కడ ప్రయాణానికి బయల్దేరిన పెద్దమనిషి తప్ప ఎవరూ ఉండేవారు కాదు.

ఇక జనాన్ని పోగుచేయడం. కేకలేస్తే జనం వస్తారని మనం అనుకుంటాం. చేయి తిరిగిన వర్తకుడు మొదట గొంతు తగ్గించేవాడు. నలుగురు ఆగితే, వాళ్ళకు మాత్రమే వినపడేంత మెల్లగా మాట్లాడేవాడు. వినపడక వాళ్ళు రెండడుగులు ముందుకొస్తారు. వాళ్ళ వీపులు చూసి వెనక మరో పదిమంది ఆగుతారు. అర్ధచంద్రాకారంగా గుంపు కట్టాక గొంతు లేస్తుంది. వెనక వరసలు నిండితే ముందున్నవాడు బయటికి పోవడం కష్టం. అందుకే ముందు వరసలో ఖాళీ కనిపిస్తే దాన్ని పూడ్చేదాకా సరుకు చూపించేవాడు కాదు. ఎవరైనా కదలబోతే చేతిలో ఒక కప్పో కత్తో పెట్టేవాడు. పట్టుకున్న వస్తువు తిరిగివ్వకుండా ఎవరూ వెళ్ళిపోరు కదా. ఒక్కడు విడిపోతే వాడి వెనక ముగ్గురు పోతారు, గుంపు చెదిరిపోతుంది. వాన చినుకు, తాగుబోతు వెటకారం, పక్కవాడు సరిగ్గా బేరం తెగే వేళకు తన పాట ఎత్తుకోవడం... వీటిలో ఏ ఒక్కటైనా ఇరవై నిమిషాల కష్టాన్ని నీళ్ళపాలు చేసేది.

ఈ విద్యలో నా లెక్కన అందరికంటే మేటి పింగాణీ వర్తకుడు. సరుకు స్టోక్ ఆన్ ట్రెంట్ కుండల ఫ్యాక్టరీల నుంచి గడ్డిలో చుట్టి పెట్టెల్లో వచ్చేది. చాలావరకు సెకండ్స్, అంటే చిన్న లోపంతో ఫ్యాక్టరీ పక్కన పెట్టినవి. మెరుపు పూతలో సూదిమొన అంత చిల్లు, నల్ల చుక్క, పువ్వు బొమ్మ కాస్త పక్కకు జరగడం, పిడి వంకర. వాడకానికి అవేవీ అడ్డం కావు. మామూలు టీ సెట్టులో 21 వస్తువులు: ఆరు కప్పులు, ఆరు సాసర్లు, ఆరు చిన్న ప్లేట్లు, ఒక రొట్టె ప్లేటు, పాల జగ్గు, చక్కెర గిన్నె.

వర్తకుడు పెద్ద పళ్ళెం మీదో వెడల్పాటి బుట్టలోనో ప్లేట్లను విసనకర్రలా పేర్చేవాడు. ఒకదాని అంచు ఇంకోదాని గుంటలో కూర్చోవాలి. అలా కూర్చుంటే బరువుకు ఒకదాన్నొకటి పట్టుకుని మొత్తం ఒకే ముక్కలా కదులుతుంది. అప్పుడు రెండు చేతులతో ఎగరేస్తాడు. చూసేవాళ్ళకు చాలా ఎత్తులా ఉంటుంది కానీ నిజానికి జానెడో బెత్తెడో. కిందికి వచ్చేటప్పుడు చేతులు బిగబట్టడు, సరుకుతో పాటే కిందికి దించుతాడు. ఆ ఝణఝణ ధ్వని వీధి చివరిదాకా పోతుంది. ప్లేటు తడిగా ఉన్నా, వంపు తిరిగిన ప్లేటు ఒక్కటి మధ్యలో దూరినా గుత్తి జారి నేలపాలవుతుంది. అందుకే పేర్చేటప్పుడు వేళ్ళు ప్రతి అంచునూ తడిమేవి. నోరు మాత్రం ఆగేది కాదు.

ధర విషయంలో మన వేలంపాటకు ఇది పూర్తిగా తిరగేసిన పద్ధతి. మన దగ్గర పాట పైకి పోతుంది, ఇక్కడ కిందికి దిగుతుంది. ఉదాహరణకు, "పెద్ద షాపులో దీనికి అయిదు పౌన్లు. నేను అయిదడగను. నాలుగూ అడగను. మూడు? ఇంటికి తీసుకుపోండమ్మా మీ మూడు! రెండు కూడా వద్దు. ఇదిగో, ముప్ఫై షిల్లింగులు!" అని అరచేత్తో బల్ల మీద ఫట్‌మని కొట్టేవాడు. ఆ దెబ్బ పడగానే "నాకొకటి" అని మొదట చెయ్యెత్తేవాడు చాలాసార్లు వర్తకుడి మనిషే. మొదటి చెయ్యి లేవడమే కష్టం, తర్వాతవి వాటంతటవే లేస్తాయి. ఇద్దరు కుర్రాళ్ళు పొట్లాలు పట్టుకుని గుంపులోకి దూసుకుపోయేవారు. ఆ ఊపు ఒక్క నిమిషమే ఉంటుంది, చిల్లర వెతుక్కుంటూ కూర్చుంటే చల్లారిపోతుంది. అందుకే ధరలు నోట్లకు సరిపోయేలా పెట్టేవారు: పది షిల్లింగులు, పౌను, పౌనున్నర. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌను అన్న ఆ పాత లెక్క 1971 ఫిబ్రవరి 15న పోయింది. దాంతో పాటే ఆ పాత బేరాల నడకా మారింది.

కొనేవాళ్ళకూ ఒక విద్య ఉండేది. ప్లేటును వేలికొనల మీద నిలబెట్టి గోటితో మీటితే గణగణమనాలి. డొల్లగా పలికితే ఎక్కడో సన్నని పగులుంది. బోన్ చైనా, అంటే ఎముక బూడిద కలిపిన పింగాణీ అయితే వెలుతురుకు ఎదురుగా పెట్టినప్పుడు వెనక ఉంచిన వేళ్ళ నీడ కనిపించాలి. చదునైన బల్ల మీద బోర్లించి చూస్తే వంపున్నది ఊగుతుంది. ఈ పరీక్షలకు పింగాణీ వర్తకుడు ఎప్పుడూ అడ్డు చెప్పేవాడు కాదు. ఈ సంతలో అతన్ని నేను నిజాయితీపరుల లెక్కలో వేయడానికి అదే కారణం.

కూరగాయలు తరిగే పరికరం అమ్మేవాడి చేతిలో బంగాళదుంప క్షణంలో వలయాలై రాలేది. అదే పరికరం ఇంటికి తెచ్చుకుంటే ముక్కలు చితికిపోతాయి. వస్తువులో మోసం ఉండనక్కర్లేదు. అతను గట్టి దుంపను ఎంచుకుంటాడు. ఒక వైపు ముందే కోసి చదును చేసి పెడతాడు. బ్లేడుకు ఏటవాలుగా, ఒకే ఒత్తిడితో నడుపుతాడు, మొండిబారకముందే బ్లేడు మారుస్తాడు. చూసినవాళ్ళు కొన్నది పరికరాన్ని, వాళ్ళను మురిపించింది రోజుకు వందసార్లు అదే పని చేసిన చెయ్యి.

ఇదే విద్యను దగాకు వాడినవాళ్ళ మాట కూడా చెప్పాలి. ఖాళీ దుకాణం నాలుగు రోజులకు అద్దెకు తీసుకుంటారు. బల్ల మీద గడియారాలు, వెండిలా మెరిసే చెంచాల సెట్లు. మొదట ఒక చిన్న వస్తువు షిల్లింగుకు అమ్మి, "మీరు నన్ను నమ్మారు, అది చాలు" అంటూ ఆ షిల్లింగు తిరిగిచ్చేస్తారు. గుంపు మెత్తబడుతుంది. తర్వాత కొందరికి చవక వస్తువు అంటగట్టి, "ఇది కొన్నవాళ్ళకే అసలు పాటలో చోటు" అంటారు. చివరికి కట్టేసిన పెట్టె పైకి తీస్తారు. లోపల ఏముందో చెప్పరు. ఇందాకటి షిల్లింగులా ఈ డబ్బూ తిరిగొస్తుందన్న ఆశతో జనం నోట్లు పైకెత్తి పట్టుకుంటారు. ఈసారి తిరిగి రాదు. పెట్టెలో ఉండేది పనికిమాలిన సరుకు. తలుపు దగ్గర బలమైన మనుషులు, వారం తిరిగేసరికి దుకాణానికి తాళం.

1961లో వచ్చిన దొంగ వేలాల చట్టం చదివితే దాన్ని రాసినవాళ్ళు ఈ ఆట క్షుణ్ణంగా చూశారని తెలుస్తుంది. పాడిన ధర కంటే తక్కువకు అమ్మడమో, కట్టినదాంట్లో కొంత తిరిగివ్వడమో నేరం. ఇంతకుముందు ఏదో కొన్నవాళ్ళకే పాడే హక్కు అనడం నేరం. పాటలో వస్తువులు ఉచితంగా పంచడం నేరం. వాపసు, ఎర, దానం అనే మూడు మెట్లనూ మూడు క్లాజుల్లో కొట్టేశారు. 2008లో వినియోగదారుల రక్షణ నిబంధనలు వచ్చి ఆ చట్టం రద్దయింది.

ఈకల కిరీటం మనిషి దగ్గరికి వద్దాం. ప్రిన్స్ మోనొలులు, గుర్రప్పందేల జోస్యగాడు. నిప్పుకోడి ఈకలు, రంగురంగుల అంగీ, "నా దగ్గర గుర్రముంది!" అన్న కేక. అబిసీనియా (ఇప్పటి ఇథియోపియా) రాకుమారుణ్ణని చెప్పుకునేవాడు. అసలు పేరు పీటర్ కార్ల్ మెకే, పుట్టింది 1881లో, అప్పట్లో డెన్మార్క్ ఏలుబడిలో ఉన్న కరీబియన్ దీవి సెయింట్ క్రాయ్‌లో. 1920 డెర్బీ గుర్రప్పందెంలో ఎవరూ పెద్దగా లెక్కచేయని స్పయాన్ కాప్ అనే గుర్రం గెలిచింది. దాని మీద కాసి అతను 8,000 పౌన్లు సంపాదించాడని ప్రచారం. అక్కణ్ణుంచి దేశమంతా పేరు. రేసు మైదానాల్లోనూ ఈ వీధిలోనూ కవరులో పెట్టిన జోస్యం అమ్మేవాడు. 1965లో చనిపోయాడు.

నడివీధిలో అంత బాహాటంగా ఎలా అమ్మగలిగాడు? 1906 చట్టం ప్రకారం వీధిలో పందెం కట్టించుకోవడం నేరం. 1961 మే దాకా పందెం దుకాణాలకు అనుమతే లేదు. కానీ గుర్రం పేరు రాసిన కాగితం అమ్మడం పందెం కట్టించుకోవడం కిందికి రాదు. ఆ సందులోనే జోస్యగాళ్ళందరూ బతికారు. ఆ వృత్తిలో తరచుగా నడిచిన లెక్క ఇది: ఎనిమిది గుర్రాల పందెం, నలభై కవర్లు. ఒక్కో గుర్రం పేరు అయిదింటిలో రాస్తే ఏ గుర్రం గెలిచినా అయిదుగురు సంతోషంగా తిరిగొచ్చి పదిమందికి చెబుతారు. ఓడిన ముప్ఫై అయిదుగురు నోరు మెదపరు. మోనొలులు ఇలా చేశాడని నేననను. నల్లవాళ్ళు అరుదుగా కనిపించే రోజుల్లో, తనను వింతగా చూసే కళ్ళనే పెట్టుబడిగా మార్చుకుని దశాబ్దాల పాటు నిలదొక్కుకున్న తెలివి అతనిది. దానికి నేను మనసారా దణ్ణం పెడతాను.

ముత్యపు గుండీల వేషం ఈ వీధిలో పుట్టింది కాదు. ప్యాంటు కుట్ల వెంట గుండీలు కుట్టుకోవడం తోపుడుబండి పళ్ళ వర్తకుల అలవాటు. లండన్‌లోని సోమర్స్ టౌన్‌లో అనాథగా పెరిగి వీధులూడ్చిన హెన్రీ క్రాఫ్ట్ ఒంటినిండా గుండీలు కుట్టుకుని ఆసుపత్రులకూ అనాథలకూ చందాలు పోగుచేశాడు. 1930లో అతను పోయాక కూడా ఆ సంప్రదాయం చందాల కోసమే నిలిచింది, అమ్మకం కోసం కాదు.

తిండి దగ్గర ఆగకుండా ఈ సంత గురించి చెప్పలేం. 1919లో మొదలై 2013లో మూతపడిన టబ్బీ ఐజాక్స్ బండి మీద జెల్లీడ్ ఈల్స్ అమ్మేవారు. ఈల్ అంటే మన మలుగుపాము. శుభ్రం చేసి, అంగుళం, అంగుళంన్నర ముక్కలు కోసి, మునిగేంత నీళ్ళలో ఉప్పు, కాస్త వెనిగర్, జాజికాయ వేసి సన్నని సెగ మీద అరగంట ఉడికిస్తారు. సలసల కాగనిస్తే ముక్క విరిగి నీళ్ళు మసకబారుతాయి. అదే నీటిలో చల్లారనిస్తే తోలులోనూ ఎముకలోనూ ఉన్న జిగురుతో అది గడ్డకడుతుంది. నీళ్ళు ఎక్కువైతే గడ్డకట్టదు, పారబోయాల్సిందే. చిన్న గిన్నెలో పెట్టి, పైన మిరప వెనిగర్, తెల్ల మిరియాల పొడి చల్లి ఇస్తారు. ఎముక ఊసేయాలి. యూరప్ ఈల్ అంతరించే ప్రమాదం అంచున ఉందని 2008లోనే జాబితాకెక్కింది. సరుకు తగ్గింది, ధర పెరిగింది, తిన్న తరం శివారు ఊళ్ళకు తరలిపోయింది.

సంతకు పెద్ద దెబ్బ మాత్రం 1994లో తగిలింది. ఇంగ్లండ్‌లో పెద్ద దుకాణాలు ఆదివారం తెరవడానికి ఆ ఏడాది చట్టం ఒప్పుకుంది. ఆదివారం పొద్దున మరో దారిలేక వచ్చే జనమే ఈ వీధికి ఊపిరి, ఆ అవసరం తీరిపోయింది. పక్కనే క్లబ్ రో పిట్టల సంత 1983లోనే పోయింది. వీధుల్లో జంతువులను అమ్మకూడదని చట్టం వచ్చింది, పంజరాలు చూసినవాళ్ళెవరికైనా అది న్యాయమే అనిపిస్తుంది. యూదుల తర్వాత ఈ పేటకు బెంగాలీలు వచ్చారు. సంతలో భాగమైన వెంట్‌వర్త్ స్ట్రీట్ కొట్లలో ఇప్పుడు ఆఫ్రికా అచ్చు బట్టలు వేలాడుతున్నాయి.

లండన్‌లో ఉన్నవాళ్ళు, అక్కడికి వెళ్ళేవాళ్ళు ఆదివారం పదకొండు లోపలే వెళ్ళండి. ఒంటిగంట దాటితే సర్దుకోవడం మొదలవుతుంది. వీధి మధ్యలో కాకుండా, మాట్లాడుతున్న వర్తకుడికి కాస్త పక్కగా నిలబడండి. అతని మొహం కాకుండా చేతులు చూడండి. ముందుగా ఎవరు చెయ్యెత్తుతారో, ఎత్తినవాడు కొన్నాక ఎటు పోతాడో గమనించండి.