నాలుగేళ్ల కిందటికన్నా బాగున్నారా?

అందరికీ నమస్కారం.

అమెరికా అధ్యక్ష ఎన్నికల మీద ఆర్థిక పరిస్థితుల ప్రభావం గురించి మాట్లాడమన్నారు. ధరలు మండిపోతే, ఉద్యోగాలు ఊడిపోతే అధికారంలో ఉన్నవాళ్లు ఓడిపోతారని మనందరికీ తెలుసు. అది సగం మాటే. ఆ శిక్ష చాలాసార్లు తప్పు చేసినవాళ్లకు పడదు, ఆ సమయానికి కుర్చీలో ఉన్నవాళ్లకు పడుతుంది. నేను చెప్పాలనుకున్నది ఆ రెండో సగం గురించి.

1980 అక్టోబరు 28. క్లీవ్‌లాండ్‌లో డిబేట్. పోలింగ్‌కి సరిగ్గా వారం ఉంది. చివర్లో రోనల్డ్ రీగన్ తన ప్రత్యర్థి, అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌ని వదిలేసి నేరుగా టీవీ ముందున్న జనాన్ని అడిగారు. నాలుగేళ్ల కిందటికన్నా మీరిప్పుడు బాగున్నారా? షాపుకెళ్లి సరుకులు కొనుక్కోవడం అప్పటికన్నా తేలికగా ఉందా? దేశంలో నిరుద్యోగం పెరిగిందా, తగ్గిందా? ఆ ఏడాది ధరలు 13 శాతానికి పైగా పెరిగాయి. అంతకుముందు ఏడాది, ఇరాన్ విప్లవం తర్వాత, పెట్రోలు బంకుల ముందు గంటల తరబడి కార్లు బారులు తీరి ఉన్నాయి. ఇక రీగన్ జవాబు చెప్పాల్సిన పనేముంది? 44 రాష్ట్రాలు గెలిచారు.

ఇక్కడో తమాషా ఉంది. నిరుద్యోగ శాతాన్నీ ద్రవ్యోల్బణ శాతాన్నీ కలిపి జనం కష్టాన్ని ఒకే అంకెలో చూపే లెక్క ఒకటుంది. ఆర్థర్ ఓకున్ అనే ఆర్థికవేత్త తయారుచేసింది. 1976లో ఆ అంకె 13 దగ్గర ఉందని చెప్పి అప్పటి అధ్యక్షుడు ఫోర్డ్‌ని తూర్పారబట్టింది ఈ కార్టరే. 1980కి అది 20 దాటింది. తాను తీసిన గోతిలో తానే పడ్డారన్నమాట.

కానీ నాకు కార్టర్ మీద జాలి కలిగేది ఇంకో విషయంలో. ద్రవ్యోల్బణాన్ని అణచడానికి 1979 ఆగస్టులో పాల్ వోల్కర్‌ని ఫెడరల్ రిజర్వ్ ఛైర్మన్‌గా తెచ్చింది ఆయనే. ఫెడ్ అంటే మన రిజర్వ్ బ్యాంకు లాంటిది, అధ్యక్షుడి మాట వినాలని రూలేం లేదు. వోల్కర్ పగ్గాలు బిగిస్తే వడ్డీరేట్లు 20 శాతం దాకా పోయాయి. ఇళ్లు కొనేవాళ్లు లేరు, కార్లు కొనేవాళ్లు లేరు. బిల్డర్లు మండిపడి చెక్క దుంగ ముక్కల్ని పోస్టులో ఫెడ్‌కి పంపారు. డీలర్లయితే అమ్ముడుపోని కార్ల తాళంచెవులు శవపేటికలో పెట్టి పంపారు. రైతులు ట్రాక్టర్లు తోలుకొచ్చి ఫెడ్ ఆఫీసు ముందు నిలబెట్టారు. 1982 చివరికి నిరుద్యోగం 10.8 శాతం. ఆ నవంబరులో అధ్యక్ష ఎన్నికే ఉండి ఉంటే రీగన్ ఇంటికి వెళ్లేవారని నా నమ్మకం. ఉన్నవి అధ్యక్షుడి నాలుగేళ్ల మధ్యలో చట్టసభలకు జరిగే మధ్యంతర ఎన్నికలు కాబట్టి ఆయన పార్టీ ప్రతినిధుల సభలో 26 సీట్లు పోగొట్టుకుని బయటపడింది. 1984 వచ్చేసరికి ధరలు అదుపులోకి వచ్చాయి, వృద్ధి 7 శాతం దాటింది, రీగన్‌కి 50లో 49 రాష్ట్రాలు దక్కాయి. దుక్కి దున్నింది ఒకరు, కుప్ప నూర్చుకుంది ఇంకొకరు.

రీగన్ తర్వాత అధ్యక్షుడైన పెద్ద బుష్‌ది ఇంకా విచిత్రం. 1991లో గల్ఫ్ యుద్ధం ముగిశాక గాలప్ సర్వేలో ఆయనకు 89 శాతం మద్దతు. మాంద్యం కూడా ఆ మార్చిలోనే ముగిసింది. అయితే ముగిసిందని, ఆ తేదీలు తేల్చే ఆర్థికవేత్తల కమిటీ ప్రకటించింది 1992 డిసెంబరులో. పోలింగ్ నవంబరులోనే అయిపోయింది! ప్రకటన ముందే వచ్చినా ఏం లాభముండేది కాదనుకోండి. లెక్కల్లో మాంద్యం పోయినా ఉద్యోగాలు రాలేదు. 1992 జూన్‌లో నిరుద్యోగం 7.8 శాతం.

ఆ అక్టోబరులో రిచ్‌మండ్‌లో జరిగిన డిబేట్ వీడియో దొరికితే తప్పక చూడండి. అందులో ఒకసారి బుష్ వాచీ చూసుకుంటూ కెమెరాకి దొరికిపోయారు. ప్రేక్షకుల్లోంచి ఒకావిడ లేచి, దేశం అప్పు మీ ముగ్గురి సొంత జీవితాల మీద ఏం ప్రభావం చూపింది అని అభ్యర్థులైన బుష్, బిల్ క్లింటన్, రాస్ పెరోలను అడిగింది. బుష్ వడ్డీరేట్లన్నారు, మనవలన్నారు, చివరికి మీ ప్రశ్న నాకు సరిగా అర్థం కాలేదన్నారు. ఆవిడ మాట అప్పు అయినా, మనసులో ఉన్నది చేతిలో డబ్బు ఆడకపోవడం గురించి. క్లింటన్ స్టూల్ దిగి ఆవిడ దగ్గరకు నడిచి, మీ మీద ఎలా పడిందో చెప్పండన్నారు. నాది చిన్న రాష్ట్రం, అక్కడ ఉద్యోగం పోయినవాళ్లు చాలావరకు నాకు పేర్లతో సహా తెలిసే ఉంటారు అన్నారు. క్లింటన్ చెప్పిన పరిష్కారం ఆ రాత్రి ఎంతమందికి గుర్తుండి ఉంటుంది? ఆయన నడిచిన ఆ నాలుగడుగులు మాత్రం అందరికీ గుర్తున్నాయి. గెలిచింది ఆయనే, తర్వాత వచ్చిన మంచి రోజుల పేరంతా ఆయనకే.

ఇక 2024. ద్రవ్యోల్బణం 2022 జూన్‌లో 9.1 శాతానికి ఎక్కి, ఎన్నికల నాటికి 3 శాతం లోపుకి దిగింది. నిరుద్యోగం 4 శాతం చిల్లర. కాగితం మీద, అప్పుడు అధికారంలో ఉన్న డెమొక్రాట్లకు మంచి మార్కులే. అయితే ద్రవ్యోల్బణం తగ్గడమంటే ధరలు తగ్గడం కాదు, పెరిగే వేగం తగ్గడం. నాలుగేళ్లలో ధరలు మొత్తం మీద 20 శాతం దాకా పెరిగి అక్కడే కూర్చున్నాయి. గుడ్ల డబ్బా కొనేవాళ్లకు గుర్తుండేది పాత ధర. ఉద్యోగం పోతే ఆ ఇంటికి కష్టం, ధర పెరిగితే కొనే ప్రతి ఇంటికీ టెన్షన్. గుడ్ల ధరకు బర్డ్ ఫ్లూ కూడా కారణమని బిల్లు కట్టేచోట ఎవరు ఆలోచిస్తారు? ఆ ఏడాది గెలిచిన ట్రంప్ కూడా రీగన్ ప్రశ్ననే సభల్లో మళ్లీ మళ్లీ అడిగారు.

ఇంతా చెప్పాక ఒక చిక్కు కూడా చెప్పాలి. 2000లో ఉద్యోగాలు పుష్కలంగా ఉన్నాయి, అయినా అధికార పార్టీ అభ్యర్థి, ఉపాధ్యక్షుడు అల్ గోర్ అధ్యక్షుడు కాలేదు. అక్కడ గెలుపు తేలేది రాష్ట్రాల వారీగా; దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లు వచ్చినా ఫ్లోరిడా రాష్ట్రం చేజారింది. పైగా ఈమధ్య ఆర్థిక పరిస్థితి మీద జనం అంచనాలే పార్టీల వారీగా చీలిపోయాయి. 2016లోనూ 2020లోనూ ఎన్నిక ముగియగానే, ధరలూ జీతాలూ మారకముందే, గెలిచిన పార్టీ వాళ్లకు ఆర్థిక పరిస్థితి బాగున్నట్టు, ఓడినవాళ్లకు చెడిపోయినట్టు సర్వేల్లో కనిపించింది. ఈసారి టీవీలో "ఆర్థిక పరిస్థితి బాగాలేదంటున్న ఓటర్లు" అన్న హెడ్‌లైన్ వస్తే, ఆ ఓటర్లు ఏ పార్టీ వాళ్లో కూడా చూడండి. ఆర్థిక పరిస్థితిని బట్టి ఓటు వేస్తున్నారా, వేసే ఓటును బట్టి అలా అంటున్నారా అన్నది అప్పుడు కానీ తెలియదు.

ప్రశ్నలుంటే అడగండి.